నీడ ఒక్కటే చాలదన్న ఉన్నవ దంపతులు

నిరాశ్రయ యువతులకు చదువు, చేతిపని నేర్పిన శారదా నికేతనం

ఎడ్లపాడు: కొండవీటి కొండలకు ఈ పక్క మన ఎడ్లపాడు, ఆ పక్క ఫిరంగిపురం ప్రాంతం. ఆ పక్కనున్న వేములూరుపాడులో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులు పేరు తెలియని చదువరి ఈ చుట్టుపక్కల ఉండరు. ‘మాలపల్లి’ నవల రాసిన వారుగా, పలనాటి పుల్లరి ఉద్యమంలో రైతుల పక్షాన నిలిచి జైలుకు వెళ్ళిన బారిస్టరుగా ఆయనను అందరూ తలచుకుంటారు. అయితే ఆయన, ఆయన సతీమణి లక్ష్మీబాయమ్మ కలిసి చేసిన మరొక పని అంతగా ప్రచారంలోకి రాలేదు. భర్త పోయి, పుట్టింట నిలువ నీడ లేక, అత్తవారింట చోటు లేక దిక్కు తోచని ఆడపిల్లలకు గుంటూరులో ఒక ఇల్లు చూపించడమే ఆ పని. అన్నం పెట్టి నాలుగు రోజులు ఉంచుకుని పంపితే ఆ పిల్లల కష్టం తీరదని ఆ దంపతులు వంద సంవత్సరాల క్రితమే గ్రహించారు. ఇల్లు వదలి వచ్చే యువతులకు తాత్కాలిక వసతి గృహాలు నడుస్తున్న ఈ రోజులలో వారి అనుభవం తెలుసుకోదగినది.

పల్లెటూరి బాల్యం

లక్ష్మీనారాయణ పంతులు 1877 డిసెంబరు 4వ తేదీన అప్పటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో శ్రీరాములు, శేషమ్మ దంపతులకు జన్మించారు. ఆ గ్రామం నేడు గుంటూరు జిల్లా ఫిరంగిపురం మండలంలో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగి ఎడ్లపాడు పల్నాడు జిల్లాలో చేరింది. జిల్లాలు వేరైనా రెండు ఊళ్ళకూ కొండ ఒక్కటే.

పంతులు గారి ప్రాథమిక విద్య పల్లెటూళ్ళోనే సాగింది. పై చదువు గుంటూరులో పూర్తి చేశారు. కొంతకాలం ఉపాధ్యాయుడిగా పనిచేసి, తరువాత న్యాయవాద వృత్తిలోకి వచ్చారు. చిన్నతనంలోనే లక్ష్మీబాయమ్మతో వివాహం జరిగింది. ఆమె 1882లో పుట్టారు. ఆమెది కూడా కొండవీటి చెంతనున్న అమీనాబాదే. నాటి ఆచారం ప్రకారం బాల్యంలోనే పెళ్ళయినా భర్త ప్రోత్సాహంతో ఆమె చదువు నేర్చుకున్నారు. భర్త తలపెట్టిన ప్రతి పనిలోనూ సగభాగం మోశారు. ఇంకా చెప్పాలంటే, పంతులు గారు విదేశంలో చదువుకుంటున్నప్పుడూ జైళ్ళలో ఉన్నప్పుడూ ఆమె మోసినది సగం కంటె ఎక్కువే.

ఆనాటి ఆడపిల్ల గతి

ఆ రోజులలో నిరాశ్రయ యువతి అనగానే బాలవితంతువే గుర్తుకు వచ్చేది. ఐదేళ్ళకో పదేళ్ళకో పెళ్ళి చేసేవారు. కలరా, మశూచి వంటి రోగాలు వచ్చి పడితే పెళ్ళికొడుకు పోయేవాడు. కాపురం అంటే ఏమిటో తెలియకముందే ఆ పిల్లకు తల గొరిగించి, మూలన కూర్చోబెట్టేవారు. తల్లిదండ్రులు ఉన్నంతకాలం పుట్టింట ఏదో విధంగా గడిచేది. వారు కన్నుమూశాక అన్నదమ్ముల పంచన వంటచేస్తూ, పిల్లలను ఎత్తుకుంటూ, పడిన మాటలు పడుతూ ఉండవలసి వచ్చేది. ఆ మాటలు భరించలేక గడప దాటితే మళ్ళీ లోపలికి రానిచ్చేవారు కాదు. కాశీకో తీర్థానికో పోయిందని చెప్పుకుని చేతులు దులుపుకునేవారు.

చట్టం లేకపోలేదు. వితంతువులు తిరిగి పెళ్ళి చేసుకోవచ్చునని 1856లోనే చట్టం వచ్చింది. అయితే మళ్ళీ పెళ్ళి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తిలో ఉన్న హక్కు పోతుందని అదే చట్టం చెప్పింది. భర్త ఆస్తిలో వితంతువుకు వాటా కల్పించే చట్టం 1937లో గాని రాలేదు. అది కూడా బ్రతికి ఉన్నంతకాలం అనుభవించే హక్కు మాత్రమే. చేతిలో సెంటు భూమి లేదు, అక్షరం ముక్క రాదు, కూలికి పోతే కులం వారు ఊరుకోరు. ఇటువంటి పిల్ల ఇల్లు విడిచి వస్తే ఎక్కడికి పోవాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదికిన వారిలో ఉన్నవ దంపతులు ముఖ్యులు.

రాజమండ్రి నేర్పిన పాఠం

వారికంటె ముందు ఈ దారి తొక్కినవారు కందుకూరి వీరేశలింగం పంతులు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో ఆయన తొలి వితంతు వివాహం జరిపించారు. పెళ్ళికూతురిని పెళ్ళి దాకా రక్షించవలసిన భారం ఆయన ఇంటి మీదనే పడింది. ఊరివారు వెలివేశారు. వంటవారు, నీళ్ళు మోసేవారు పని మానేశారు. ఆయన సతీమణి రాజ్యలక్ష్మమ్మ స్వయంగా గోదావరి నుండి నీళ్ళు మోసి, తమ ఇంట చేరిన వారందరికీ వండిపెట్టారు. ఆంధ్రదేశంలో నిరాశ్రయ యువతులకు తొలి వసతి గృహం ఒక విధంగా ఆ ఇల్లే.

కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ఇచ్చిన ధనసహాయంతో మరికొన్ని పెళ్ళిళ్ళు జరిగాయి. అయితే కష్టమంతా పెళ్ళితో తీరలేదు. కులం వెలివేసిన ఆ దంపతులకు ఉద్యోగం కావాలి, ఉండటానికి ఇల్లు కావాలి. అన్నిటికీ పంతులు గారి వైపే చూసేవారు. డబ్బు ఆశతో పెళ్ళికి ముందుకు వచ్చిన వరులు కూడా లేకపోలేదు. పెళ్ళి అయ్యేవరకు నీడ ఇస్తే చాలుననుకున్నది చాలలేదు. పెళ్ళి ఇష్టపడని పిల్లల సంగతి, తగిన వరుడు దొరకని పిల్లల సంగతి అలాగే మిగిలిపోయింది. ఆ తరువాత ఆయన మద్రాసులోనూ రాజమండ్రిలోనూ వితంతు శరణాలయాలు నెలకొల్పి చదువు చెప్పించడానికి ఈ అనుభవమే కారణమని చెప్పవచ్చు.

ఇతర ప్రాంతాలలోనూ ఇదే మార్పు వచ్చింది. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదనం ప్రారంభించారు. మరుసటి సంవత్సరం దానిని పూనాకు తరలించారు. ధోండో కేశవ కార్వే 1896లో పూనాలో వితంతువులకు ఆశ్రమం నెలకొల్పారు. రమాబాయి సదనంలో చదువుకున్న వితంతువునే 1893లో ఆయన పెళ్ళాడారు. మద్రాసులో సిస్టర్ సుబ్బలక్ష్మి బాలవితంతువులను చేరదీసి, ఉపాధ్యాయినులుగా తయారు చేశారు. ప్రాంతాలు వేరు, భాషలు వేరు. అయినా అందరూ చివరకు చదువు దగ్గరికే వచ్చి చేరారు.

గుంటూరులో శరణాలయం

వీరేశలింగం పంతులు ప్రభావంతో లక్ష్మీనారాయణ పంతులు 1902లో గుంటూరులో వితంతు శరణాలయం స్థాపించారు. అప్పటికి ఆయన వయస్సు పాతిక సంవత్సరాలు. లక్ష్మీబాయమ్మ వయస్సు ఇరవై. వెనుక ఆస్తిపాస్తుల దన్ను గాని, ప్రభుత్వ గ్రాంటు గాని లేని రోజులలో ఇద్దరు యువ దంపతులు ఇంతటి బరువు తలకెత్తుకున్నారు. గుంటూరులో వితంతు వివాహాలు జరిపించారు. అన్ని కులాల వారిని ఒకే పంక్తిలో కూర్చోబెట్టి భోజనాలు పెట్టించారు. ఇటువంటి పనులకు ఊళ్ళో ఎటువంటి మర్యాద జరుగుతుందో చెప్పనక్కరలేదు.

ఇటువంటి శరణాలయం నడపడంలో ముఖ్యమైన చిక్కు డబ్బు కాదు, నమ్మకం. పరాయి ఇంటి ఆడపిల్లను తెచ్చి పెట్టుకున్నారని లోకం వేలెత్తి చూపుతుంది. పిల్లను వదలివేసిన బంధువులే పరువు పోయిందంటూ తగాదాకు వస్తారు. ఆ పిల్లకు కూడా మొదట ఎవరిమీదా నమ్మకం ఉండదు. ఇంట్లో ఒక స్త్రీ పెద్దదిక్కుగా ఉండి, పేరు పెట్టి పిలిచి, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడితేనే ఆ పిల్ల కుదుటపడుతుంది. ఆ పెద్దదిక్కు లక్ష్మీబాయమ్మ. ఉన్నవ వారి శరణాలయం మాట వచ్చినప్పుడు పంతులు గారి పేరు ముందు చెబుతాము గాని, దైనందిన భారం ఆమెదే.

బారిస్టరు చదువు, ఆంధ్రోద్యమం

పంతులు గారు ఒక్క పనికే పరిమితమైన మనిషి కారు. తెలుగువారికి ప్రత్యేక రాష్ట్రం కావాలని గుంటూరులో మొట్టమొదట ఆలోచన సాగించిన కొద్దిమందిలో ఆయన ఒకరు. జొన్నవిత్తుల గురునాథం ప్రభృతులతో కలిసి ఆ పనికి పూనుకున్నారు. 1913లో బాపట్లలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు వెనుక ఇటువంటి వారి కృషి ఉన్నది. తరువాత ఆయన ఐర్లండు వెళ్ళి డబ్లిన్‌లో బారిస్టరు చదువు ముగించారు. ఐర్లండు ప్రజలు స్వాతంత్ర్యం కోసం పోరాడుతున్న సమయమది. తిరిగి వచ్చి 1917లో మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు మొదలుపెట్టారు. చేతినిండా సంపాదించుకోదగిన వృత్తి. దానిని కొద్ది సంవత్సరాలలోనే వదలివేసి దేశసేవకు దిగారు.

పలనాటి పుల్లరి, జైలు

1921లో పలనాటి రైతుల మీద అడవి పుల్లరి భారం పడింది. పశువులను అడవిలో మేపుకుంటే పన్ను, కట్టకపోతే బందెలదొడ్డి. కరవు ప్రాంతంలో పశువులే ఆధారమైన రైతులు పన్ను కట్టబోమని తిరగబడ్డారు. ఉన్నవ పంతులు పలనాడు వచ్చి వారిని సమావేశపరచి ధైర్యం చెప్పారు. ఆ నేరానికి ఆయనకు సంవత్సరం జైలుశిక్ష పడింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పులలో కన్నెగంటి హనుమంతు నేలకొరిగినది ఈ ఉద్యమంలోనే.

రాయవేలూరు జైలులో ఉండగా ఆయన ‘మాలపల్లి’ రాశారు. దీనికి ‘సంగవిజయము’ అనే పేరు కూడా ఉన్నది. హరిజన కుటుంబాన్ని కథకు కేంద్రంగా పెట్టి, కూలివారి కష్టాలు, జైళ్ళ పరిస్థితి, చదువులు ఎలా ఉండాలన్న ఆలోచన వాడుక భాషలో చెప్పారు. మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాక 1937లో గాని నిషేధం పూర్తిగా తొలగలేదు. చదువు పనితో కలిసి ఉండాలని, చదువుకునేవారు తమ కష్టం మీద తాము బ్రతకాలని ఆ నవలలో ఆయన చూపించారు. కాగితం మీద పెట్టిన ఆ ఆలోచననే గుంటూరులో ఆచరణలో పెట్టారు.

శారదా నికేతనం

1922లో ఉన్నవ దంపతులు గుంటూరులో శారదా నికేతనం స్థాపించారు. పాత శరణాలయానికీ దీనికీ పేరులోనే తేడా ఉన్నది. శరణాలయం అంటే శరణు కోరి వచ్చేచోటు. నికేతనం అంటే ఇల్లు. శారద అంటే చదువుల తల్లి. ఇక్కడికి వచ్చిన పిల్ల అనాథగా కాక విద్యార్థినిగా లెక్కలోకి వచ్చేది. ఇది చిన్న సంగతిగా కనబడవచ్చు. కాని ఊళ్ళో ఎవరైనా ఎక్కడ ఉంటున్నావని అడిగితే ఫలానా శరణాలయంలో అని చెప్పుకోవడానికీ, చదువుకుంటున్నానని చెప్పుకోవడానికీ చాలా భేదం ఉన్నది.

వితంతువులు మాత్రమే కాక ఇతర బాలికలు కూడా ఇక్కడ చదువుకున్నారు. కష్టాలలో ఉన్నవారిని ఒక మూల, మంచి కుటుంబాల పిల్లలను మరొక మూల ఉంచకుండా కలిసి చదివించడం వలన ఎవరు ఏ కారణాన వచ్చారన్నది క్రమేణా మరుగున పడింది. తెలుగు, సంస్కృతం, హిందీ వంటి భాషలు నేర్పేవారు. దానితోబాటు నూలు వడకడం, నేత, కుట్టుపని వంటి చేతిపనులకు ప్రాధాన్యం ఇచ్చేవారు. చదువు వంటబట్టిన పిల్ల పంతులమ్మ అవుతుంది, చదువు అంతగా రానిది చేతిపని మీద బ్రతుకుతుంది. ఎవరినీ ఉత్త చేతులతో బయటికి పంపకూడదన్నదే ఆ ఏర్పాటులోని సారాంశం.

ఇందులో మరొక లాభం కూడా ఉన్నది. ఆడపిల్లల బడులు అప్పుడప్పుడే పెరుగుతున్న రోజులవి. ఆడపిల్లలకు మగ ఉపాధ్యాయులు చెబితే పంపబోమని తల్లిదండ్రులు మొండికేసేవారు. చదువు చెప్పగల స్త్రీలు కావాలని బడులు ఎదురుచూసేవి. అనగా బయట ఏ పనికి గిరాకీ ఉన్నదో చూసి ఆ పనే లోపల నేర్పడం జరిగింది. నిన్నటిదాకా అన్నదమ్ములకు బరువైన పిల్ల నెల జీతం తెచ్చుకునే పంతులమ్మ అయితే, వెలివేసిన బంధువులే కబురు పెట్టడం మొదలవుతుంది. తిరిగి ఇంటికి వెళ్ళడమో మానడమో అప్పుడు ఆమె ఇష్టం. తరువాతి కాలంలో శారదా నికేతనం స్త్రీల ప్రాచ్య భాషా విద్యకు గుంటూరులో పేరెన్నిక గన్నది.

లక్ష్మీబాయమ్మ దీక్ష

సంస్థ పెట్టడం ఒక ఎత్తు, నడపడం మరొక ఎత్తు. 1923 నాటికి పంతులు గారు న్యాయవాద వృత్తి మానుకున్నారు. ఇంటికి వచ్చే ఆదాయం ఆగిపోయింది. చందాలు పోగుచేయడం, పిల్లల తిండి, బట్ట, జబ్బు జాడ్యం చూసుకోవడం, చదువు సంగతి కనుక్కోవడం అన్నీ నడవాలి. వీటికి తోడు దంపతులిద్దరూ జాతీయోద్యమంలో ఉన్నారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో లక్ష్మీబాయమ్మ పాల్గొని జైలుకు వెళ్ళారు. పంతులు గారు కూడా ఉప్పు సత్యాగ్రహంలోనూ 1942 క్విట్ ఇండియా ఉద్యమంలోనూ శిక్ష అనుభవించారు. పెద్దలు జైలులో ఉన్నా సంస్థ మూతపడలేదు. ఒక మనిషి మీద కాక ఒక కట్టుబాటు మీద నడిచే సంస్థగా దానిని తీర్చిదిద్దారు కనుకనే అది నిలబడింది.

పంతులు గారు రచనలు కూడా సాగించారు. పలనాటి నాగమ్మ కథను ‘నాయకురాలు’గా రాశారు. రాజ్యం నడిపిన ఆడదానిని దుష్టురాలిగా చెప్పుకునే ఈ ప్రాంతంలో ఆమె పేరునే పుస్తకానికి పెట్టిన రచయిత ఆయన.

లక్ష్మీబాయమ్మ 1956లో కన్నుమూశారు. హిందూ స్త్రీకి తండ్రి ఆస్తిలోనూ భర్త ఆస్తిలోనూ సంపూర్ణ హక్కుతో వాటా ఇచ్చిన హిందూ వారసత్వ చట్టం అమలులోకి వచ్చినది ఆ సంవత్సరంలోనే. రెండు సంవత్సరాల తరువాత, 1958 సెప్టెంబరు 25న పంతులు గారు పరమపదించారు. ఏ అన్యాయం వలన ఆడపిల్లలు వీధిన పడుతున్నారని వారు జీవితమంతా పాటుపడ్డారో, దానికి చట్టంలో కొంత మందు దొరికిన తరువాత వారు వెళ్ళిపోయారు.

వారి తరువాత

ఈ బాటను దేశమంతటికీ విస్తరింపజేసినది మరొక తెలుగు మహిళ దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళాసభ స్థాపించారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలకు కూర్చునే పద్ధతిని నడిపి చూపించారు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యాక ఆ పద్ధతినే దేశవ్యాప్తంగా ప్రవేశపెట్టారు.

కుటుంబ కలహాలు, మోసపోవడం, వేధింపుల వంటి కారణాలతో ఇల్లు విడిచిన యువతుల కోసం 1969లో కేంద్ర ప్రభుత్వం తాత్కాలిక వసతి గృహాల పథకం తెచ్చింది. ఆరు నెలల నుండి మూడు సంవత్సరాల వరకు ఉండనివ్వడం దాని పద్ధతి. ఆ తరువాత స్వధార్ గృహాలు వచ్చాయి. కొంతకాలానికి ఈ రెండింటినీ కలిపివేశారు. 2022 నుండి ఇవి శక్తి సదన్ అన్న పేరుతో నడుస్తున్నాయి. 2015లో మొదలైన సఖి కేంద్రాలలో ఆపదలో ఉన్న స్త్రీకి ఐదు రోజుల వరకు తలదాచుకునే వీలు, పోలీసు, వైద్య, న్యాయ సహాయం ఒకేచోట కల్పిస్తున్నారు. 181 నంబరుకు ఫోను చేస్తే రాత్రి పగలు తేడా లేకుండా పలుకుతారు. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం భర్త ఇంటిలో నివసించే హక్కు భార్యకు ఉన్నది. ఆమె కోరితే వసతి గృహం వారు చేర్చుకుని తీరాలి.

ఎంతవరకు ఉపయోగం?

ఈ గృహాల వలన ఉపయోగం లేదనడం పాపం. గడప దాటిన మొదటి రాత్రి చాలా ప్రమాదకరమైనది. బస్‌స్టాండులోనో రైల్వే ప్లాట్‌ఫారం మీదనో ఒంటరిగా కూర్చున్న పిల్లను మాయమాటలతో తీసుకుపోయేవారు కాచుకుని ఉంటారు. ఆ రాత్రికి తలుపు ఉన్న గది దొరికితే ఒక జీవితం నిలబడినట్లే. దెబ్బలకు మందు, కేసు పెట్టడానికి సాయం, పోయిన ఆధార్ కార్డు, చదువు సర్టిఫికెట్లు తిరిగి తెచ్చుకోవడానికి వ్యవధి, ప్రశాంతంగా ఆలోచించుకోవడానికి నాలుగు రోజులు, ఇవన్నీ ఆ గృహం ఇస్తుంది.

చిక్కు అంతా గడువు ముగిసిన రోజున వస్తుంది. ఐదు రోజులలో గాయం మానుతుంది గాని బ్రతుకుతెరువు దొరకదు. ఆరు నెలలు ఉన్నా ఆ ఆరు నెలలూ టీవీ చూస్తూ, వంతులవారీగా వంట చేస్తూ గడిస్తే, బయటికి వచ్చేనాటికి ఆ పిల్ల వచ్చిన రోజు ఎలా ఉన్నదో అలాగే ఉంటుంది. కుట్టుపని నేర్పి పంపినా, ఆ ఊళ్ళో కుట్టించుకునేవారు ఎందరున్నారో చూడకపోతే మిషను మూలన పడుతుంది. పని దొరికినా, ఒంటరి యువతికి ఇల్లు అద్దెకు ఇచ్చేవారు దొరకరు. చివరకు ఏ ఇంటి నుండి పారిపోయి వచ్చిందో ఆ ఇంటికే తిరిగి వెళుతుంది. రాజీ కుదిరి భార్యాభర్తలు కలిశారని రిజిస్టరులో రాసుకుంటారు. నిజంగా కలిసినవారు ఉండవచ్చు. వేరే దారి లేక తల వంచుకుని వెళ్ళినవారు కూడా ఆ లెక్కలోనే చేరిపోతారు.

ఉన్నవ దంపతుల పద్ధతితో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. వారు రోజులు లెక్కపెట్టలేదు, చేతికి పని వచ్చిందా లేదా అని చూశారు. బయట గిరాకీ ఉన్న పనినే లోపల నేర్పారు. కష్టపడి వచ్చిన పిల్లకు అనాథ అన్న ముద్ర వేయకుండా విద్యార్థిని అన్న గౌరవం ఇచ్చారు. గట్టి పెద్దదిక్కుగా ఒక స్త్రీని ఇంట్లో ఉంచారు. ఈ నాలుగూ ఉన్నచోట తాత్కాలిక నీడ కూడా శాశ్వత మేలు చేస్తుంది. ఇవి లేనిచోట ఎన్ని సంవత్సరాలు ఉంచుకున్నా ఫలితం అంతంత మాత్రమే. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. వారి సంస్థ కొద్దిమందికే చోటు ఇవ్వగలిగింది. చందాల మీద నడిచే ఇల్లు ఊరి పిల్లలందరినీ ఆదుకోలేదు. అందరికీ చోటు కల్పించే శక్తి ప్రభుత్వానికి ఉన్నది. ప్రతి పిల్లనూ పేరు పేరునా పట్టించుకునే ఓపిక ఆ దంపతులకు ఉండేది. నేడు ఈ రెండూ ఒకచోట చేరాలి.

మన ప్రాంతానికి అవసరం

గుంటూరు, చిలకలూరిపేటల మధ్య జాతీయ రహదారి మీద ఉన్న ఎడ్లపాడుకు ఈ విషయం దూరమైనది కాదు. ఈ ప్రాంతంలో నూలు మిల్లులు ఉన్నాయి. వంకాయలపాడులో సుగంధ ద్రవ్యాల పార్కు ఉన్నది. మిరప కోతలకూ పత్తి తీతలకూ ఇతర ప్రాంతాల నుండి కూలీలు వస్తారు. వారిలో పెళ్ళికాని పిల్లలు, భర్త విడిచిన చిన్నవయసు తల్లులు ఉంటారు. పని ఉన్నన్నాళ్ళు మేస్త్రీ చూపిన చోట ఉంటారు. పని ఆగినా, తగాదా వచ్చినా ఆ చోటు పోతుంది. భాష రాని ఊళ్ళో, రాత్రివేళ హైవే పక్కన నిలబడిన పిల్లకు ఎటు వెళ్ళాలో తెలియదు.

ఇందుకు చేయదగిన పనులు పెద్దవి కావు. 181 నంబరును ప్రతి మిల్లు గేటు దగ్గర, బస్సు ఆగే ప్రతి చోట, తెలుగుతోబాటు హిందీ, ఒరియా భాషలలో కూడా పెద్ద అక్షరాలతో రాయించాలి. వసతి గృహంలో చేరిన పిల్లలకు ఈ ప్రాంతపు మిల్లులలో, ఆసుపత్రులలో, అంగడులలో ఏ పనులకు మనుషులు కావాలో కనుక్కుని ఆ పనులే నేర్పాలి. బయటికి వచ్చిన తరువాత ఉండటానికి ఉద్యోగినుల హాస్టళ్ళలో కొన్ని గదులు వీరికి కేటాయించాలి. ఆరు నెలల తరువాత, సంవత్సరం తరువాత ఆ పిల్ల ఎక్కడ ఉన్నదో, ఏమి సంపాదిస్తున్నదో ఒక కార్యకర్త వెళ్ళి చూసి రావాలి. ఎందరిని చేర్చుకున్నారన్న లెక్కకంటె, వెళ్ళినవారిలో ఎందరు తమ కాళ్ళ మీద నిలబడ్డారన్న లెక్క ముఖ్యం. అధికారులు, మిల్లుల యాజమాన్యాలు, మహిళా సంఘాలు కలిసి కూర్చుని ఆలోచిస్తే ఇది కాని పని కాదు.

ఉన్నవ వారి జయంతి డిసెంబరు 4న వస్తుంది. ఆ రోజున ‘మాలపల్లి’ గురించి సభలు జరపడం మంచిదే. దానితోబాటు, దిక్కులేక వచ్చిన పిల్లలకు పలక, రాట్నం చేతికిచ్చిన లక్ష్మీబాయమ్మను కూడా తలచుకోవాలి. కొండకు ఆ పక్క ఊళ్ళలో పుట్టిన ఆ ఇద్దరూ ఏ పదవీ లేకుండా వంద సంవత్సరాల క్రితం చేసి చూపించిన పనిని, ఇన్ని పథకాలు చేతిలో ఉన్న మనం కొండకు ఈ పక్కన ఎందుకు చేయలేమో ఆలోచించుకోవాలి.